ముందుకాలు కదిలేదాకా

ఆ ఒక్క మాట నేనెప్పుడు అనొచ్చని మూడేళ్లుగా ఎజ్రా తాతని అడుగుతూనే ఉన్నాను.

మాది బైసన్ల రాంచ్, మూపురమున్న అమెరికా అడవిదున్నల్ని పెంచే చోటు. కంచెలు లేవు. గడ్డి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఇప్పటికీ నాకు తెలీదు. ఆకురాలు కాలంలో, మందలో వయసు మళ్లిన పోతుల్ని వేటకి ఇస్తారు. ఆ తల గోడకి తగిలించుకోవాలని ఎక్కడెక్కడినించో అతిథులు వస్తారు. వాళ్లని నడిపించుకెళ్లి, ఏ పోతో చూపించి, సమయం వచ్చినప్పుడు "కానివ్వండి" అనడం తాత పని. ఆయన ఆ మాట అనేదాకా ఎంత పెద్దమనిషైనా తుపాకీ పేల్చకూడదు. ఆయన వెనక తుపాకీకి ఊతమిచ్చే మూడుకాళ్ల కర్ర మోసుకు నడవడం నా పని.

నేనడిగినప్పుడల్లా తాత జేబులోంచి ఎండుమాంసం ముక్క తీసి ఇచ్చేవాడు. చెక్కలా ఉండేది. అది నమిలి మింగేసరికి అడిగిన సంగతి పాతబడిపోయేది.

నాకన్నీ వచ్చనుకునేదాన్ని. కొమ్ము మొన ఎంత అరిగిందో చూసి వయసు చెప్పేదాన్ని. మూపురం చూసి అందరూ పైకి గురిపెడతారనీ, గుండె మాత్రం కింద, ముందుకాలి వెనక ఉంటుందనీ తెలుసు. ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. చూసి నేర్చుకున్నాను. అదే నా పొగరు.

ఆ రోజు వచ్చినాయన పళ్ల డాక్టరు. దున్న తలని ఇంట్లో పెడితే భార్య ఊరుకోదట, క్లినిక్‌లో పెడతానన్నాడు. దాన్ని చూస్తే చెప్పకుండానే అందరూ నోరు తెరుస్తారని దారిపొడుగునా నవ్వుతూనే ఉన్నాడు.

తెల్లవారుతోంది. పొగమంచు మోకాళ్లదాకా ఉంది. మంద అందులో నడుస్తున్నట్టు లేదు, తేలుతున్నట్టుంది. గిట్టలు కనపడని గోధుమరంగు కొండలు మెల్లగా ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతున్నాయి. మందకి అరవై అడుగులు ఎడంగా ముసలి పోతు ఒక్కటే నిలబడింది.

డాక్టరు తుపాకీని కర్ర మీద ఆనించాడు. తాత నావైపు తిరిగి, రోజూ చెప్పే సంగతేదో చెప్పినట్టు, "ఇవాళ నువ్వను" అన్నాడు.

దున్న కొంచెం మావైపు తిరిగి ఉంది. ముందుకాలు ఒక్క అడుగు ముందుకు వెయ్యాలి. అప్పుడే గుండె చోటు తెరుచుకుంటుంది. కాలు కదల్లేదని నాకు తెలుసు. కదులుతుందనీ తెలుసు. ఆ రెంటికీ మధ్య ఆగలేకపోయాను. మూడేళ్లుగా నోట్లో ఉన్న మాట.

"కానివ్వండి."

తుపాకీ పేలింది. దున్న పడలేదు. ఏదో గుర్తొచ్చినట్టు కాసేపు నిలబడింది. తర్వాత అరవై అడుగులూ నడిచి మందలోకి వెళ్లి, అక్కడ పడుకుంది. మంద దాని చుట్టూ మూసుకుంది.

"ఇంకోటి వెయ్యనా?" అన్నాడు డాక్టరు.

"దేన్ని?" అన్నాడు తాత.

అటు చూస్తే అన్నీ వీపులే.

తాత గడ్డిలో కూర్చున్నాడు. బూట్ల తాళ్లు విప్పాడు. బూట్లు తీసి, మేజోళ్లు కూడా తీసి, గుమ్మం ముందు పెట్టినట్టు రెండూ పక్కపక్కనే పెట్టాడు. ముసలాయనకి ఒంట్లో బాగానే ఉందా అని డాక్టరు నా చెవిలో అడిగాడు. బూట్లు విప్పాడంటే మంద వెళ్లేదాకా లేవడన్నమాట అని నాకర్థమైంది. మూడేళ్లలో ఆయన అలా చెయ్యడం నేను చూడలేదు.

ఆడదున్నల్ని మేం ఆవులనే అంటాం. ఒక్కో ఆవూ వచ్చి పడుకున్నదాన్ని వాసన చూసింది. ఒక ముసలి ఆవు దాని మెడ కింద కొమ్ము పెట్టి లేపబోయింది. పోతు తలెత్తింది, దించింది. మళ్లీ లేపింది. మళ్లీ ఎత్తింది. వాటి ఊపిరి ఆవిరిగా లేచి మంచులో కలిసిపోతోంది. మూడోసారి తల లేవలేదు. అయినా ఆవు మానలేదు.

డాక్టరు నవ్వడం ఎప్పుడు ఆపాడో తెలీదు. చాలాసేపటికి తన అరచెయ్యి చూసుకుంటూ, "నా చెయ్యే వణికుంటుంది" అన్నాడు.

కాదని నేను అనలేదు.

మంచు విడిపోయింది. ఎండ వచ్చింది. నా నీడ నా పాదాల దగ్గరికి వచ్చేసింది. తాత తిడతాడని చూశాను. తిడితే ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను. గాలి మారిందనీ, మంచులో కాళ్లు సరిగ్గా కనపళ్లేదనీ. ఆయన తన కాలివేళ్లు చూసుకుంటూ కూర్చున్నాడు. ఇక ఆ మాట జన్మలో నాకివ్వడనిపించింది.

మధ్యాహ్నానికి మంద కదిలింది. ఆఖర్న ముసలి ఆవు. అది కూడా వెళ్లాక తాత బూట్లు తొడుక్కున్నాడు.

అప్పుడు చెప్పాను. "తాతా, ఆయన చెయ్యి వణకలేదు. కాలు కదలకముందే నేను అనేశాను."

"నాకెందుకు చెప్తావ్?" అన్నాడు.

ఒకవైపు డాక్టరు, ఇంకా ఆ చేతిని చూసుకుంటూనే ఉన్నాడు. ఒకవైపు దున్న. ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలీలేదు.

ఇద్దరి దగ్గరికీ వెళ్లి చెప్పాను.

మూడో రోజు ఇంకో అతిథి వచ్చాడు. పొద్దున్నే కర్ర ఎత్తుకుందామని చూస్తే లేదు. తాత అప్పటికే దాన్ని భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. "పద" అన్నాడు. నేను ముందు నడిచాను.

మళ్లీ పొగమంచు. మళ్లీ ఎడంగా ఒక పోతు. అతిథి కన్ను తుపాకీకి ఆనించి, "ఇప్పుడా?" అని గుసగుసగా అడిగాడు. కాసేపాగి మళ్లీ, "ఇప్పుడా?"

నేను జేబులోంచి ఎండుమాంసం ముక్క తీసి ఆయన చేతిలో పెట్టాను.

ఆయన నన్ను వింతగా చూశాడు. తర్వాత నమలడం మొదలుపెట్టాడు. దున్న ముందుకాలు ఇంకా కదల్లేదు.