వందో దెబ్బకు మూసుకున్న తలుపు

1952 జూన్ 11, బుధవారం. మృగశిర కార్తె వచ్చి నాలుగు రోజులైంది. ఇప్పలకోన అడవిలో పొద్దున్నుంచీ ఆకు కదల్లేదు. బండలు పెనాల్లా కాలాయి. మధ్యాహ్నం దాటాక పడమటి గుట్ట మీద గుమ్మడికాయంత మబ్బు ఒకటి లేచింది. చూస్తుండగానే అది ఏనుగంత అయింది.

ఆ కోనలో నెమళ్ళు, ఎలుగులు, దుప్పులు, ఉడుములు, అడవిపందులు, గోరింకలు, నత్తలు, ఇంకా చెప్పుకుంటూ పోతే సాయంత్రమయ్యేటన్ని జాతులు ఉండేవి. వాటికొక శాసనసభ ఉండేది. జాతికొక సభ్యుడు చొప్పున ముప్పై ఒక్కరు. వాళ్ళకు అధ్యక్షుడు డిప్పయ్య అనే ముసలి తాబేలు. ఆయన వయసెంతో ఎవరికీ తెలియదు. అడిగితే, "ఈ గుట్ట ఇంకాస్త పొడుగ్గా ఉన్నప్పుడు పుట్టాను" అనేవాడు. ఆయన ఓటు వెయ్యకూడదు, ఏ పక్షం తరఫునా మాట్లాడకూడదు. అందుకే ఆయనంటే అందరికీ గౌరవం.

సభ పెద్ద గుహలో జరిగేది. తీర్మానానికి అవునన్నవాళ్ళు కుడిగోడ దగ్గర, కాదన్నవాళ్ళు ఎడమగోడ దగ్గర నిలబడాలి. అదే ఓటు. రెండు వైపులా సమానమైతే సభానాయకుడి మాట చెల్లుతుంది. తన తీర్మానం ఓడిపోతే మాత్రం నాయకుడు కొమ్మ దిగాలి. కొమ్మంటే గుహలో అందరికన్నా ఎత్తున నాయకుడు కూర్చునే వేపకొమ్మ.

ఓటు వేళకు వడ్రంగిపిట్ట బయట ఎండు మద్దిమాను మీద ముక్కుతో కొట్టేది. అదే గంట. పూర్వం అందరూ వచ్చేదాకా కొట్టడం ఆచారం. ఒకసారి ఉడుము దారిలో కునుకు తీస్తే పాపం ఆ పిట్ట నాలుగు వేల దెబ్బలు కొట్టింది. తరవాత వారం రోజులు ముక్కును తేనెలో నానబెట్టుకుంది. ఉడుము మాత్రం, "నాకు జోలపాటలా వినిపించింది" అంది.

ఆ ఆచారాన్ని మార్చినవాడు సభానాయకుడు వన్నెలయ్య. వన్నెలయ్య నెమలి. అందగాడు, మాటకారి. తన అందం గురించి తానే మాట్లాడుకోవడం ఒక్కటే ఆయనలో లోపం. వేసవి మొదట్లో ఆయన కొత్త నియమం తెచ్చాడు.

"అధ్యక్షా! వంద దెబ్బలు చాలు. వందో దెబ్బకు తలుపు మూయాలి. లెక్క పూర్తయ్యేదాకా ఎవరొచ్చినా తియ్యకూడదు. నాలాంటి చురుకైనవాళ్ళు నత్తనడకల కోసం ఎదురుచూడాలా?"

గుహకు తలుపు లేదు. ఏనుగు గున్నయ్య గుమ్మంలో అడ్డంగా నిలబడితే అదే తలుపు.

ఆ నియమం ఎవరికోసం పెట్టారో నత్త గుల్లమ్మకు బాగా తెలుసు. నత్తల తరఫున సభ్యురాలు ఆమే. గుల్లమ్మ మడుగు దగ్గర నిన్న బయల్దేరితే సభకు ఇవాళ చేరుతుంది. నియమం వచ్చాక రెండుసార్లు ఓటుకు వచ్చింది. రెండుసార్లూ ఆమె చేరేసరికి ఎదురుగా గున్నయ్య కాలిగోరు తప్ప ఏమీ కనిపించలేదు.

రెండోసారి గోరింక పడీపడీ నవ్వింది. గోరింక వన్నెలయ్య పక్షానికి విప్. తమవాళ్ళందరినీ ఓటుకు తోలుకురావడం దాని పని. గోరింకలకు ఆ పని పుట్టుకతోనే వచ్చు. తెల్లారితే చాలు, ఎవరినో ఒకరిని కేకలెయ్యకుండా ఉండలేవు.

"ఎప్పుడు బయల్దేరావత్తా?"

"నిన్న."

"ఈసారి పోయినేడాది బయల్దేరు!"

గుల్లమ్మ కొమ్ములు లోపలికి ముడుచుకుంది. ఏడుపు వచ్చింది. అయితే నత్త కన్నీళ్ళు ఎవరికి కనిపిస్తాయి?

అంతకన్నా పెద్ద బాధ ఆ సాయంత్రమే తెలిసింది. వచ్చే ఓటుకు వన్నెలయ్య నాట్యవేదిక తీర్మానం పెడుతున్నాడు. మడుగు గట్టున బురదంతా ఎత్తిపోసి, ఇసుక పరిచి, తాను ఆడటానికి వేదిక కట్టిస్తాడట. ఎండాకాలమంతా నత్తలు ఆ బురదలోకి దిగి, గుల్లల మూతులు మూసుకుని, ప్రాణాలు నిలుపుకుంటాయి. బురద పోతే మరుసటి వేసవికి కోనలో నత్త అనేదే ఉండదు. వన్నెలయ్య పక్షం పదహారుమంది. ఎలుగుబంటి నాయకత్వంలో ఎదుటి పక్షం, గుల్లమ్మతో కలిపి, పదిహేనుమంది.

అందరూ వెళ్ళిపోయాక డిప్పయ్య తాత నెమ్మదిగా బయటికొచ్చాడు. ఆయనెప్పుడూ చివరే. గుల్లమ్మ అడిగింది.

"తాతా, నా ఓటు ఎలా వెయ్యను?"

"ఏ పక్షం తరఫునా మాట్లాడకూడదమ్మా నేను. నియమం అడిగితే మాత్రం ఎవరికైనా చెబుతాను."

"అయితే నియమమే చెప్పు."

"వందో దెబ్బ తరవాత లోపలికి రాకూడదని ఉంది." తాబేలు కళ్ళు మూసుకుని కాసేపు గుర్తు చేసుకున్నాడు. "సభ అయిపోయాక ఇంటికి వెళ్ళి తీరాలని మాత్రం ఎక్కడా లేదు."

అంతే చెప్పి ఆయన తన దారిన పోయాడు. గుల్లమ్మ అక్కడే చాలాసేపు ఉండిపోయింది. ఉన్నట్టుండి ఆమె కొమ్ములు నిటారుగా లేచాయి.

"ఇంటికెళ్ళడమేమిటి? ఇల్లు నా వీపు మీదే ఉందిగా!"

గుహలోకి పాకి, ఎడమగోడ మీద నీటిచుక్క జారే ఒక పగులు చూసుకుని అతుక్కుంది. రెండు రోజులకు ఎండలు మండి ఆ చుక్క కూడా ఇంకిపోయింది. గుల్లమ్మ గుల్ల మూతి మూసుకుని నిద్రలోకి జారింది. గోడకు అతుక్కున్న దగ్గర్నుంచి మొత్తం పదమూడు రోజులు గడిచాయి. చూసినవాళ్ళు అదేదో రాయి అనుకున్నారు. తేమ తగిలితే తప్ప ఆమెకు మెలకువ రాదు. ఆ సంగతి తెలిసే పడుకుంది. పైవాడి మీద, మృగశిర మీద భారం వేసింది.

ఇక ఆ బుధవారం సంగతికి వద్దాం. ఎలుగుబంటి తీర్మానాన్ని కాదంటూ చాలాసేపు మాట్లాడింది. తేనె గురించి కూడా మాట్లాడింది. తీర్మానానికీ తేనెకూ సంబంధం లేదు కానీ, ఏం మాట్లాడినా మధ్యలో తేనె తేవడం ఎలుగులకు అలవాటు. వన్నెలయ్యకు విసుగొచ్చింది.

"అధ్యక్షా! ఇక చాలు. గంట కొట్టించండి!"

వడ్రంగిపిట్ట మొదటి దెబ్బ కొట్టింది. సరిగ్గా అప్పుడే పడమటి గుట్ట మీద ఉరుము ఉరిమింది. చల్లగాలి గుహలోకి తోసుకొచ్చింది. తడిమట్టి వాసన వచ్చింది. వన్నెలయ్య కాళ్ళు వాటంతటవే కదిలాయి.

"దొరా, ఎక్కడికి?" గోరింక కంగారుపడింది.

"ఒక్క చుట్టు ఆడి వస్తాను. వంద కొట్టాలిగా! నేను ముప్పైకే ఇక్కడుంటాను. నేనేమన్నా నత్తనా?"

బయట చినుకు మొదలైంది. వన్నెలయ్య పురి విప్పాడు. నిజం చెప్పాలంటే ఆ ఆట చూసి తీరాల్సిందే. ఆకుపచ్చ, నీలం, బంగారు వన్నెలు ఒక్కసారి చినుకుల్లో మెరిశాయి. కోతిపిల్లలు చప్పట్లు కొట్టాయి. చప్పట్లు విన్నకొద్దీ వన్నెలయ్యకు ఒళ్ళు తెలియలేదు.

గోరింక బయటికి ఎగిరొచ్చింది. "దొరా, యాభై అయింది!"

"ఇంకొక్క చుట్టు."

"దొరా, ఎనభై! నా మాట వినండి!"

"ఆ కోతిపిల్లలు మళ్ళీ ఆడమంటున్నాయే! ఇదే ఆఖరుది."

"తొంభై ఆరు! తొంభై ఏడు! అయ్యో, నా ఓటు కూడా పోయేట్టుందే!"

వందో దెబ్బ పడింది. గున్నయ్య అడ్డంగా నిలబడ్డాడు. వన్నెలయ్య తడిసిన పింఛాన్ని ఈడ్చుకుంటూ పరిగెత్తుకొచ్చి ఏనుగు కాలిని ముక్కుతో పొడిచాడు.

"గున్నయ్యా, తలుపు తియ్యి! నేను సభానాయకుణ్ణి!"

"నేను తలుపునండీ. తలుపుకు చెవులుండవు" అన్నాడు గున్నయ్య, చేటలంత చెవులు విసురుకుంటూ.

లోపల డిప్పయ్య లెక్కపెట్టాడు. ఆయన లెక్కా ఆయన నడకలాగే ఉంటుంది.

"కుడివైపు పద్నాలుగు."

వెనకనుంచి అడవిపంది ఎలుగుబంటిని మోచేత్తో పొడిచింది. "బావా, మనమెంత?"

"ఎడమవైపు పద్నాలుగు."

ఎలుగుబంటి తల వాలిపోయింది. సమానమైతే నాయకుడి మాట చెల్లుతుంది. బయట వన్నెలయ్య ఆ లెక్క విని ఎగిరి గంతేశాడు. "విన్నావా గోరింకా? లోపల లేకపోయినా గెలిచాను!"

అప్పుడే గుహ కప్పులోంచి వాననీటి చుక్క ఒకటి గోడమీద పడింది. తరవాత ఇంకొకటి. ఎడమగోడ మీది రాయి కొంచెం కదిలింది. దానికి రెండు కొమ్ములు మొలిచాయి.

"అధ్యక్షా!"

అందరూ గోడకేసి చూశారు.

"నిద్ర కాస్త ఎక్కువైంది, మన్నించండి. అయితే నేను ఎడమగోడ మీదే ఉన్నాను. గంట మోగకముందు నుంచీ ఉన్నాను. పదమూడు రోజుల ముందు నుంచీ ఉన్నాను."

గుహంతా గొల్లున నవ్వింది. కుడిగోడ దగ్గరున్న ఉడుము కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. డిప్పయ్య నవ్వలేదు. ఆయన అధ్యక్షుడు. కానీ డిప్ప మాత్రం గడగడ ఊగింది.

"ఎడమవైపు పదిహేను. తీర్మానం ఓడిపోయింది. తలుపు తియ్యండి."

గున్నయ్య పక్కకు తప్పుకున్నాడు. తడిసి ముద్దయిన వన్నెలయ్య లోపలికొచ్చాడు. "ఇది అన్యాయం అధ్యక్షా! వాన వస్తే నెమలి ఆడకుండా ఎలా ఉంటుంది?"

"ఎండ కాస్తే నత్త పరిగెత్తడం ఎలా నాయనా?" అన్నాడు డిప్పయ్య మెత్తగా.

నియమం ప్రకారం వన్నెలయ్య కొమ్మ వదులుకున్నాడు. ఆ సాయంత్రం గుల్లమ్మ ఇంటికి నడిచి వెళ్ళలేదు. ఎలుగుబంటి అరచేతిలో కూర్చుని, వానలో తడుస్తూ, ఊరేగింపుగా మడుగుకు వెళ్ళింది. దారంతా దుప్పులు గంతులేశాయి, కప్పలు బాజాలు వాయించాయి.

ఆ ఏడాది చివర్లో డిప్పయ్య పదవి విరమించాడు. ఆయన కూర్చున్న రాయి గుల్లమ్మకు వచ్చింది. ఆమె ఇల్లు సభలోనే ఉంటుంది కాబట్టి అధ్యక్షురాలు ఆలస్యమైందన్న మాట మళ్ళీ వినబడలేదు. నాయకుడి వేపకొమ్మ ఎలుగుబంటికి దక్కింది. అది ఎక్కగానే కొమ్మ విరిగింది, అందుకని కిందే కూర్చుంటోంది. మడుగు గట్టు బురద నత్తల పిల్లలకూ, వాటి పిల్లలకూ శాశ్వతమైంది. వడ్రంగిపిట్టకు పాత ఆచారం, దానితోపాటు ముక్కుకు రాసుకోవడానికి ఏటా ఒక తేనెపట్టు వచ్చాయి. గుమ్మం దగ్గర రాలిన నెమలీక ఒకటి గోరింక గూట్లోకి చేరింది. వన్నెలయ్యకు మాత్రం ఏమీ రాలేదు.

నీతి: ఎదుటివాణ్ణి బయట ఉంచాలని పెట్టిన తలుపు, పెట్టినవాడి ముఖం మీదే మూసుకుంటుంది.