బూరెకు రాజాజ్ఞ

కేతకీపురమనే చిన్న రాజ్యాన్ని పూర్వం ఉద్దండవర్మ అనే రాజు ఏలుతుండేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. అయితే తన మాట మీద ఆయనకు అంతులేని నమ్మకం. గొంతు విప్పితే సభామంటపం మారుమోగేది. ఎంత చిన్న సంగతికైనా ముందు తన బిరుదులన్నీ చదివించుకున్నాక గాని ఆజ్ఞ ఇచ్చేవాడు కాడు. మంచినీళ్లు అడగాలన్నా అదే వరస.

ఆ కొలువులో మాచన అనే విదూషకుడు ఉండేవాడు. నవ్వించడం అతని వృత్తి. కానీ ఏడాదిగా అతన్ని ఒక దిగులు పట్టి పీడిస్తోంది. రాణిగారు జ్వరంతో కాలం చేసినప్పటి నుంచి చిన్న రాజకుమారి వకుళ నవ్వడం మానేసింది. మాట్లాడటం కూడా దాదాపు మానేసింది. మాచన పిల్లిమొగ్గలు వేసినా, కోతిలా గెంతినా, ఆ పిల్ల మర్యాదగా చూసి ఊరుకునేది. తండ్రి వస్తున్న అలికిడైతే స్తంభం చాటుకు వెళ్లిపోయేది.

ఒకనాడు కోట వెనక మేకలు కాసుకునే సుంకమ్మ ఓ కుక్కపిల్లను తెచ్చి వకుళ ఒళ్లో పెట్టింది. బంగారు వన్నె ఒళ్లు, గుండ్రటి పొట్ట. వకుళ దానికి బూరె అని పేరు పెట్టింది. అంతటితో ఆగక దాని చెవిలో గుసగుసగా ఏవేవో కబుర్లు చెప్పసాగింది. తలుపు పక్కన నిలబడి ఆ గుసగుసలు విన్న మాచన, ఉత్తరీయంతో కళ్లు ఒత్తుకుని, అడుగుల చప్పుడు కాకుండా అక్కడి నుంచి వెళ్లిపోయాడు.

అయితే బూరెకు రాజమందిరపు మర్యాదలు తెలియవు. రాజుగారి ముత్యాల పాదరక్ష దాని పళ్ల కింద పీలికలైపోయింది. ఆడుకుంటూ ఆడుకుంటూ దాసీల కాలివేళ్లు కొరికేది. ఒంటరిగా వదిలితే అంతఃపురం అదిరిపోయేలా ఏడ్చేది. ఎక్కడ పడితే అక్కడ తడిపేది. రాజు దాన్ని పిలిపించి, బిరుదులు చదివించి, ఇకమీదట లోపల తడపరాదని గంభీరంగా ఆజ్ఞాపించాడు. బూరె చెవులు రిక్కించి అంతా విని, నిలబడ్డ తివాచీ మీదనే కానిచ్చింది.

ఆ మరునాడు పొరుగు దేశపు రాయబారి చూస్తుండగా బూరె రాజుగారి ఉత్తరీయం కొంగు పట్టి లాగింది. దాంతో ఆయన ఓర్పు నశించింది. దాన్ని అడవిలో వదిలి రమ్మని భటులకు చెప్పాడు. వకుళ ఏడవలేదు, బతిమాలలేదు. కుక్కపిల్లను రెండు చేతులా గుండెకు అదుముకుని, నేలకేసి చూస్తూ నిలబడింది. భటులకు కాళ్లు కదలలేదు.

మాచన ముందుకు వచ్చాడు.

"ప్రభూ, ఆజ్ఞ మీరినవారికి శిక్ష వేయడం న్యాయమే. దీనికి ఆజ్ఞ అర్థమైందో లేదో, అదొక్కటే నా సందేహం."

"నేను స్వయంగా చెప్పాను. నా మాట అర్థం కాని ప్రాణి ఈ రాజ్యంలో లేదు," అన్నాడు రాజు.

"అయితే వచ్చే పున్నమి సభ దాకా గడువివ్వండి. అందరి ముందూ ఇది చెప్పిన మాట వినకపోతే, దానితో పాటు నన్నూ అడవికి పంపండి."

రాజు సరేనన్నాడు. మాచన రెండడుగులు వేసి, ఏదో గుర్తుకొచ్చినవాడిలా ఆగాడు. కుక్కపిల్ల ఎవరి గొంతుతో నేర్చుకుంటే వారి మాటే వింటుందనీ, తాను నేర్పితే తన మాటే వింటుందనీ, అప్పుడీ రాయబారులు ఊరికే ఉండరనీ మెల్లగా విన్నవించాడు. కేతకీపురంలో కుక్క సైతం రాజును కాదని విదూషకుడి మాట వింటుందని నలుగురిలో చెప్పుకుంటారేమో, అదే తన భయమన్నాడు.

రాజు ముఖం కందగడ్డలా అయింది.

"దానికి నేనే నేర్పుతాను," అన్నాడు.

మాచన వినయంగా తల వంచాడు. వంచిన ముఖంలో చిరునవ్వు ఎవరికీ కనపడలేదు.

మరునాటి ఉదయం నుంచి తోటలో పాఠాలు మొదలయ్యాయి. పళ్లు వస్తున్న కుక్కపిల్ల, చిగుళ్లు దురద పెడుతుంటాయి, నమలడానికి ముడులు వేసిన తాడు ఒకటి ఇవ్వమన్నాడు మాచన. వేలు కొరికితే కొట్టకూడదు, కేకలు వేయకూడదు, చేయి వెనక్కు తీసుకుని ముఖం తిప్పుకుని ఆట ఆపేస్తే చాలు, ఎందుకు ఆగిందో అదే తెలుసుకుంటుందన్నాడు. తిన్న వెంటనే, నిద్ర లేచిన వెంటనే గడ్డిలోకి ఎత్తుకెళ్లాలి. అక్కడ పని కానిస్తే ముద్దు చేయాలి. లోపల కానిస్తే మారు మాట్లాడకుండా తుడవాలి. రాజు భటుడి కోసం చుట్టూ చూశాడు. మాచన గుడ్డ తెచ్చి ఆయన చేతికే ఇచ్చాడు.

ఇక ఏడుపు సంగతి. వకుళ పాత పరికిణీ దాని పక్కన పరిచి, మాచన రాజును తలుపు అవతలికి వెళ్లి వెంటనే తిరిగి రమ్మన్నాడు. తరువాత కాస్త ఆగి, ఆ తరువాత మరికాస్త ఆగి. ఇదేం తంతని రాజు విసుక్కుంటే, వెళ్లినవాళ్లు మళ్లీ వస్తారని దానికి నమ్మకం కుదరాలి ప్రభూ అన్నాడు. ఆ మాట విని వకుళ తలెత్తి చూసింది. ఆపైన తండ్రి తలుపు దాటినప్పుడల్లా, బూరెతో పాటు ఆ పిల్ల కూడా గుమ్మం వైపే చూస్తూ కూర్చునేది. రాజు అది గమనించాడు. ఎవరూ చెప్పకుండానే త్వరగా తిరిగి రావడం మొదలుపెట్టాడు.

అన్నిటికంటే కష్టమైంది పిలవడం. రాజు 'రా' అంటే పిట్టలు లేచిపోయేవి. బూరె పరుగెత్తి వకుళ వెనక దాక్కునేది. ఒకరోజు అలాగే జరిగినప్పుడు వకుళ దాని వీపు నిమురుతూ నోరు విప్పింది.

"అంత గట్టిగా అనకండి నాన్నగారూ. దానికి భయమేస్తుంది."

ఎంతో కాలానికి కూతురు తనతో అన్న మొదటి మాట అది. రాజు దగ్గరికి వచ్చి, పట్టుబట్టలతోనే గడ్డిలో కూర్చున్నాడు.

"నీకూ భయమేస్తుందా తల్లీ?"

వకుళ కుక్కపిల్లను చూస్తూ అవునన్నట్టు తల ఊపింది. రాజు ఆమె తల మీద చేయి వేశాడు. మాచన పూలు కోసే నెపంతో తోట ఆ చివరికి వెళ్లిపోయాడు.

పున్నమి వచ్చింది. సభ కిటకిటలాడింది. రాజు సింహాసనం మీద కూర్చోగానే వందిమాగధులు అలవాటుగా బిరుదులు చదువుతూ గొంతెత్తారు. ఆ హోరుకు బూరె తోక ముడుచుకుని వకుళ పాదాల వెనక్కి చేరింది.

రాజు చేయెత్తి వారిని ఆపాడు. మెట్లు దిగి, నేల మీద చతికిలబడి, అరచేయి చాచాడు.

"బూరే, రా."

సభలో వెనక వరసవారికి ఆ మాట వినపడనే లేదు. బూరెకు వినపడింది. గునగునా వచ్చి అరచేయి నాకింది. కూర్చోమంటే బుద్ధిగా కూర్చుంది.

రాజగురువుకు ఇది నచ్చలేదు. గొంతు సవరించుకుని, సింహాసనం దిగింది ప్రభువులైతే, ఇక్కడ ఎవరు ఎవరి మాట విన్నట్టని అడిగాడు. రాజు మాచన వైపు తిరిగాడు.

"నాకూ అదే అనుమానం. నిజం చెప్పు మాచనా. ఇన్నాళ్లూ నువ్వు పాఠాలు చెప్పింది దీనికా, నాకా?"

"ఇద్దరికీ ప్రభూ," అన్నాడు మాచన చేతులు కట్టుకుని. "కాకపోతే బూరె కాస్త తొందరగా నేర్చుకుంది."

అంతలో ఎక్కడో కిలకిలమని చప్పుడైంది. వకుళ నవ్వుతోంది. రాజు ఆ నవ్వు వంక చూశాడు. చూస్తూ చూస్తూ తానూ నవ్వసాగాడు, కళ్ల నీళ్లు గడ్డం మీదికి జారేదాకా నవ్వాడు. మెడలోని హారం తీసి మాచన మెడలో వేసి, తోట పక్కనున్న ఇంటిని అతనికి రాసిచ్చి, ప్రతి ఉదయం తమ ముగ్గురితో పాటు తోటలో ఉండమన్నాడు.

ఆ రోజు రాజు మళ్లీ సింహాసనం ఎక్కలేదు. ఆయన మోకాలి మీద తల పెట్టి కూతురు, పక్కనే కుక్కపిల్ల నిద్రపోతుంటే, మంత్రులూ ఫిర్యాదులు తెచ్చినవారూ చుట్టూ నేల మీదే కూర్చున్నారు. రాజ్యం పనులన్నీ పొద్దు వాలేదాకా గుసగుసల్లోనే సాగాయి.