గవరమ్మ బుడిపె గిన్నె

ఏరు ఇంకా ఊరికి పడమటగా పారే రోజుల్లో, అన్యాయం జరిగింది గవరమ్మకు. ఒక్కరోజు జరిగి ఊరుకున్నది కాదు, బతికినన్నాళ్లూ జరిగింది.

ఆ ఊరివాళ్లది తరిమెన పని. తరిమెన అంటే దుంగకు ఇరుసు బిగించి కొయ్యను తిప్పే సాధనం. ఇరుసుకు కొయ్యను లక్కతో అతుకుతారు. ఇరుసు చుట్టూ తాడు చుడతారు. ఒకరు తాడు లాగితే కొయ్య గిర్రున తిరుగుతుంది. ఒకరు ఉలి ఆనిస్తే అది గిన్నె అవుతుంది, భరిణె అవుతుంది, బొంగరం అవుతుంది. ఇటు లాగు, అటు వదులు. లాగినప్పుడు ఉలి ఆనాలి, వదిలినప్పుడు ఉలి తీయాలి. ఉలి మగవాడిది, తాడు ఆడదానిది. ఎవరు పెట్టారమ్మా ఈ లెక్క అంటే, ఉలి పట్టినవాళ్లే పెట్టారు. ఇంకెవరు పెడతారు? గిన్నె కుదిరితే ఆయన చేశాడంటారు. పగిలితే ఆవిడ సరిగ్గా లాగలేదంటారు.

గవరమ్మ మొగుడికి తాడు లాగింది. మొగుడు పోయాక కొడుకు పోలయ్యకు లాగింది. కళ్లకు పొరలు కమ్మాక కోడలు సన్యాసమ్మ చేతికి తాడిచ్చి, గుమ్మం పక్కన బుడిపె మీద చతికిలబడింది.

అది అంకుడు చెట్టు మొదట్లో గుమ్మడికాయంత ఊరిన బుడిపె. బుడిపెలో నార తిన్నగా పోదు, పాములాగా మెలికలు తిరుగుతుంది. ఉలిని కరిచి విసిరికొడుతుంది. అందుకని బుడిపెలన్నీ పొయ్యిలోకే. ఇది గొడ్డలికి కూడా లొంగలేదు గనక ముసలిదానికి పీట అయింది.

ఒక వానాకాలం పోలయ్య జ్వరంతో పోయాడు. కర్మ అయిన మర్నాడే అతని పెదనాన్న కొడుకు సిమ్మన్న వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"తరిమెన నాకిచ్చెయ్ మరదలా. మగదిక్కు నేని కొంపలో ఇరుసు తుప్పట్టడానికా?"

"నాను పడతాను బావా ఉలి" అంది సన్యాసమ్మ.

సిమ్మన్న కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వి, కులపెద్ద దాలినాయుడిని తీసుకొచ్చాడు. తరిమెన పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదని దాలినాయుడికి తెలుసు. ఊరి మగాళ్లకు కోపమొస్తుందనీ తెలుసు. రెండో భయమే పెద్దదైంది.

"ఆ బుడిపెను గిన్నె సెయ్యమను. సేస్తే తరిమెన దానిది. నేకపోతే సిమ్మన్నది" అన్నాడు.

మగవాడెవడూ చెయ్యనిది ఆడదాన్ని చెయ్యమనడం పెద్దలకు మహా తేలిక.

మొదట పక్కింటి చిట్టెమ్మ తాడు పట్టింది. ఇటు లాగు, అటు వదులు. ఉలి ఎగిరిపడి సన్యాసమ్మ కనుబొమ చీరింది. చిట్టెమ్మ మొగుడు వచ్చి పెళ్లాన్ని రెక్క పట్టుకుని తీసుకుపోయాడు.

రెండోసారి సన్యాసమ్మ తమ్ముడు పట్టాడు. ఇటు లాగు, అటు వదులు. వాడు నూతిలో చేద లాగినట్టు లాగాడు. లక్క ఊడి బుడిపె వెళ్లి కుండను పగలగొట్టింది. "ఇది మగోడు సేసే పనేటే?" అని కండువా దులుపుకుని పోయాడు.

సన్యాసమ్మ పగిలిన కుండ దగ్గర కూర్చుని ఏడ్చింది. గవరమ్మ గోడ తడుముకుంటూ వచ్చింది.

"ఒలే గుంటా, వోలిద్దరూ తాడు నాగినారు గాని, కొయ్య ఏటంటోందో ఇన్నేదు. తాడు నాకియ్యి."

"నీ వొల్ల కాదత్తా."

"ఇన్నేళ్లు దానిమీద కూకున్నాను. దాని గుట్టు నా పిర్రలకే తెలుసు, సేతులకి తెలీదేటి? కొయ్య మొండికేస్తే తాడు బరువెక్కుద్ది. నోపల డొల్లుంటే తేలిపోద్ది. నాను 'ఊఁ' అంటే ఉలి ఆన్చు. 'ఊహూఁ' అంటే తియ్యి."

"ఇది మావకి ఎప్పుడూ సెప్పనేదా అత్తా?"

"ఒకపాలి సెప్పేను. 'తాడు మాటాడతాదేటే' అని నవ్వీనాడు. మరి సెప్పనేదు. గట్టిచోటు వస్తే తాడు కూసింత వొదులు సేసీదాన్ని. ఉలి బతికిపోయీది. ఆయన తన సెయ్యే గొప్పదనుకునీవోడు."

సన్యాసమ్మ బుడిపెను మళ్లీ అతికింది. ఊరంతా చేరింది. ఇటు లాగు, అటు వదులు. "ఊఁ." ఇటు లాగు, అటు వదులు. "ఊఁ." ముసలిదాని వీపు చెమటకు తడిసింది. సన్యాసమ్మ కనుబొమ గాయం మళ్లీ నెత్తురోడింది. అయినా బుడిపె కరవలేదు. పైపెచ్చు రాలి, లోపల నార ఏటి సుడుల్లాగా బయటపడింది.

అంచు దగ్గరికి వచ్చారు. సన్యాసమ్మ కంటికి అక్కడంతా నున్నగానే ఉంది.

"ఊహూఁ" అంది గవరమ్మ.

"బాగానే ఉందత్తా. ఇక్కడొదిలేస్తే ఒక పక్క దళసరిగా ఉండిపోద్ది."

"ఊహూఁ."

సిమ్మన్న కిసుక్కున నవ్వాడు. సన్యాసమ్మ ఒకసారి ఉలి వైపు చూసింది, ఒకసారి తాడు వైపు చూసింది. ఉలి తీసేసింది.

"వంకర గిన్నె!" అన్నాడు సిమ్మన్న.

దాలినాయుడు గిన్నె అందుకుని దళసరి చోట గోటితో మీటాడు. డబడబలాడింది. నున్నటి పొర కిందే డొల్ల ఉంది. ఇంకొక్కసారి ఉలి తగిలితే చిల్లే. ఆయన నిండా నీళ్లు పోసి, అలాగే పట్టుకుని నిలబడ్డాడు. చుక్క కారలేదు.

"సన్యాసమ్మ సేసింది" అన్నాడు.

"మా అత్త పేరు ముందు సెప్పు బాబూ. నాను ఉలి ఆన్చేనంతే."

దాలినాయుడు చుట్టూ చేరిన మగాళ్లను ఒకసారి చూశాడు, గిన్నెలోని నీళ్లను ఒకసారి చూశాడు. పలికాడు. "గవరమ్మ సేసింది. సన్యాసమ్మ సేసింది. తరిమెన వోలిద్దరిదీ."

ఆ పూట అంబలి ఆ గిన్నెలోనే పోసిచ్చింది కోడలు. గవరమ్మ అంచంతా తడిమి చూసుకుంది.

"ఇన్నాళ్లు దీనిమీద కూకోబెట్టి, ఇప్పుడు దీన్లో తాగమంటావేటే?" అంది. తాగింది.

మళ్లీ వానలు చూడకుండానే గవరమ్మ పోయింది.

ఇప్పటికీ ఆ ఊళ్లో పని మొదలెట్టే ముందు ఉలికి దండం పెట్టరు, తాడుకు పెడతారు. తాడు పట్టింది ఆడదైనా, గుబురు మీసాల మగాడైనా, "అత్తా, ఇంక నాగు!" అంటారు. మీసాలవాడు "ఊఁ" అనే దాకా ఉలి ఆనదు.

అత్త పేరూ, ఆమె పోయిన గురువారపు తిథీ సన్యాసమ్మ చదువొచ్చినవాడి చేత తరిమెన దుంగ మీద ముగ్గుతో రాయించుకుని, ఆ గీతల మీదే ఉలి నడిపింది. దుంగ నల్లబడింది గాని, అక్షరాలు చెడలేదు:

గవరమ్మ, తాడు. మాఘ బహుళ తదియ, లక్ష్మివారం.