చంక దిగని పనసకాయ

ఒకప్పుడు కాయలన్నీ ఉసిరికాయంతే ఉండేవి. మామిడికాయా అంతే, పనసకాయా అంతే, రేగికాయా అంతే. నవ్వకండి, నిజంగానే అంతే. అన్నీ కొమ్మల చివర్న వేలాడుతూ, గాలికి ఊగుతూ కాలక్షేపం చేసేవి.

అందరూ ఒకే కొలత కాబట్టి 'పెద్ద' అనే మాటే లేదు. దాంతో పనేముంది కనుక?

ఒకరోజు గాలి ఆ మాటను ఎక్కణ్ణుంచో మోసుకొచ్చి కొండవాలు తోటలో పడేసింది.

"పెద్ద అంటే ఏమిటి?" అని మామిడిచెట్టు అడిగింది.

"నాకేం తెలుసు వదినా? దారిలో దొరికింది, తెచ్చాను. ఎవరిదో, ఏ ఊరిదో కూడా తెలీదు" అంది గాలి.

ఇంక చూడండి, తోటంతా పనులు మానేసి ఆ మాట చుట్టూ చేరింది. అందరికంటే ముందు తినేవాడే పెద్ద అని కాకి తేల్చేసింది. కాకి సంగతి మీకు తెలుసుగా. బరువు మోసేవాడు పెద్ద అని చీమ వాదించింది. గాలివానకి నిలబడేవాడు పెద్ద అని చింతచెట్టు అంది. ఆ తోటలో ముందుగా మొలిచింది ఆవిడే, అందుకని అందరూ చింతత్త అని పిలిచేవాళ్ళు.

పనసక్క మాత్రం ఎవరి మాటా చెవిన పెట్టలేదు. ఆవిడకి ఒక్కగానొక్క కొడుకు, పేరు గుండయ్య. కొమ్మ చివర బుల్లిగా ఊగుతున్న వాడివంక చూసి మురిసిపోయింది.

"పెద్ద అంటే ఒళ్ళు. ఒళ్ళుంటే మిగతావన్నీ అవే వస్తాయి. ఆ మాట మావాడిదే, ఇంకెవరూ ముట్టుకోకండి" అని చాటింపు వేసేసింది.

ఆ రోజు నుంచి గుండయ్యకి తిండే తిండి. వాగు నీళ్ళు, మట్టిలోని తీపి, ఆకుల మీద పడ్డ ఎండ, ఏది దొరికినా వాడి నోట్లోకే. "కడుపు నిండిందమ్మా" అని పాపం వాడంటే ఆవిడ వింటేనా? "ఇది మామిడత్తయ్య ముద్ద. ఇది వాగు మామయ్య ముద్ద. ఈ ఒక్కటీ తినరా నాన్నా" అంటూ కుక్కేది.

గుండయ్య చెంబంత అయ్యాడు. కుండంత అయ్యాడు. చివరికి బానంత అయ్యాడు. అది చూసి మిగతా చెట్లూ తమ పిల్లల్ని ఓపినంత మేర పెంచుకున్నాయి గానీ, ఎవరూ వాడి దరిదాపుల్లోకి రాలేకపోయారు.

ఉడుతలు వచ్చి వాడి బుగ్గలు గిల్లి, ఎంత ముద్దొస్తున్నాడో అనేవి. పనసక్కకి ఒకపక్క సంతోషం, ఒకపక్క గుబులు. దిష్టి తగులుతుందని వాడి బుగ్గన నల్లచుక్క పెట్టింది. అంత ఒంటికి ఒక్క చుక్క ఏ మూలకి చాలుతుంది? ఆలోచించి ఆలోచించి ఒళ్ళంతా ముళ్ళచొక్కా తొడిగింది. ఉడుతలు అలవాటుకొద్దీ గిల్లబోయి, వేళ్ళు చీక్కుంటూ వెళ్ళిపోయాయి.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ కొమ్మ కొస సన్నం, పిల్లాడు లావు. కొమ్మ రోజురోజుకీ కిందికి వంగుతోంది. సరిగ్గా ఆ కొమ్మ కిందే వాగు ఒడ్డున నల్లబండ ఉంది.

"ఏమే పనసా, చెయ్యి లాగడం లేదూ?" అని చింతత్త అడిగింది.

"లేదత్తా" అంది పనసక్క. పచ్చి అబద్ధం. కొమ్మ మొదట్లో నరాలు ఒక్కొక్కటే పుటుక్కుమంటున్నాయి.

"పిల్లాడు జారితే ఆ బండ మీద పచ్చడైపోతాడు. దగ్గరికి లాక్కుని చంకనెత్తుకోవే."

"బాగుంది సంబడం. పెద్దవాడు, పెద్దవాడు అని తోటంతా చాటుకున్నాను. ఇప్పుడు చంటిపిల్లాడిలా చంకనెత్తుకుంటే నలుగురిలో నా తల ఎక్కడ పెట్టుకోను?"

అదీ ఆవిడ మంకుపట్టు. మనలో మన మాట, అలాంటివాళ్ళు చెట్లలోనే ఉంటారనుకోకండి.

ఒక సాయంత్రం గాలి ఊరికే పలకరిద్దామని తోటలోకి వచ్చింది. అంతే, ఫెళ్ళుమని చప్పుడైంది. కొమ్మ సగానికి చీలిపోయింది. గుండయ్య బండ మీదికి వేలాడుతున్నాడు. తోటంతా గుడ్లప్పగించి చూస్తోంది. కాకి కూడా నోరు మూసుకుంది.

"అమ్మా, నేను పెద్దవాణ్ణి కానమ్మా" అన్నాడు గుండయ్య. "భయమేస్తోంది. ఎత్తుకో."

పనసక్కకి ఇంక నలుగురూ లేరు, పరువూ లేదు. ఆవిడ కళ్ళకి వాడొక్కడే కనిపించాడు. చెయ్యి చీలుతున్నా పళ్ళబిగువున కొమ్మని లోపలికి లాగింది. గుండయ్య జారుతూ, గీరుకుంటూ, దొర్లుకుంటూ వచ్చి మాను మీద పడ్డాడు. వాణ్ణి గట్టిగా నడుముకి హత్తుకుంది. ముళ్ళు గుచ్చుకుంటున్నా వదల్లేదు. మళ్ళీ జారతాడేమోనని, తన ఒంట్లోని పాలన్నీ జిగురు చేసి వాడికి పట్టించింది.

గండం గడిచాక కాకికి మళ్ళీ నోరొచ్చింది. "ఇంత పెద్దవాడు చంకనెక్కాడేం?" అని నవ్వింది.

"అవును, పెద్దవాడే. నా చంక ఇంకా పెద్దది. నీకేమైనా ఇబ్బందా?" అంది పనసక్క.

తనకేం ఇబ్బంది లేదని చెప్పి కాకి వేరే చెట్టుకి వెళ్ళిపోయింది.

గాలి తప్పుచేసినదానిలా దగ్గరికొచ్చింది. "ఆ మాట తీసుకెళ్ళిపోనా వదినా?" అని మెల్లగా అడిగింది.

"తీసుకెళ్ళు. ఎవరికి కావాలంటే వాళ్ళకి ఇచ్చుకో. మావాడికి ఇంకా వయసు రాలేదు" అంది పనసక్క, బానంత కొడుకు వీపు నిమురుతూ.

అప్పటినుంచే పనసకాయ కొమ్మ కొసన కాయడం మానేసి, తల్లి మానునే పట్టుకుని ఉంటోంది. ఎంత లావైనా సరే చంక దిగదు. కోసుకుందామని వెళ్తే ముళ్ళు గుచ్చుకుంటాయి, జిగురు చేతులకి పట్టేస్తుంది. నూనె రాసుకుని, బతిమాలినట్టు నెమ్మదిగా విడిపించుకోవాలి. పనసక్క మరి అంత తేలిగ్గా ఇవ్వదు.