నక్క దాచుకున్న తీగలు

గంధంవాగు అడవిలో కుందేళ్లు, ముళ్లపందులు, నక్కలు ఉండేవి. కుందేళ్లకు ఒక ఆచారం ఉండేది. అమ్మమ్మ పిల్లల్ని కన్న బొరియలోనే అమ్మ కనాలి, అమ్మ కన్న బొరియలోనే కూతురు కనాలి.

బాలింతకు మేత తెచ్చే బంధువులకు దారి తెలియాలి కదా. అందుకని తీగను పంటితో పట్టి ముడులు వేసి, బాట పక్కన పొదకు వేలాడదీసేవి. ఆ ముడుల పద్ధతి కనిపెట్టింది ముసలి ముళ్లపంది. లెక్క తెలిసినవాళ్లకు ఆ తీగ ఒకే దారి చూపుతుంది. తెలియనివాళ్లకు వేయి దారులు చూపుతుంది. ఒక్కొక్కటీ నడిచి చూడాల్సిందే.

"దీన్ని విప్పాలంటే నక్కకు నూరు జన్మలు పడుతుంది" అనేది ముళ్లపంది. అది నిజమే. అందుకే చదివిన తీగల్ని కుందేళ్లు అక్కడే పారేసేవి.

ఒక నక్క వాటిని ఏరి గుహలో దాచుకునేది. గోరింట అనే కుందేలు అది చూసింది.

"తాతా, చదవలేని తీగలు దానికెందుకు?" అని ముళ్లపందిని అడిగింది.

"పడకలో పరుచుకుంటుందేమో. మెత్తగా ఉంటాయి."

"మూడేళ్లనుంచీ పడకే వేసుకుంటోందా?"

"నా ముడి విప్పేది ఇంకా పుట్టలేదే పిల్లా."

"పుట్టాక ఏం చేద్దాం?"

ముళ్లపంది అటు తిరిగి పడుకుంది.

గోరింట వాగు అవతల రాళ్లలో కొత్త బొరియ తవ్వుకుంది. నిండు చూలాలైన చెల్లెలు జాజిని కూడా రమ్మంది.

"అమ్మ మనల్ని కన్నది ఇక్కడేగా అక్కా. ఎలా వదిలిపెట్టను?" అంది జాజి.

వానలు మొదలయ్యాక అడవికి ఒక సాలీడు వచ్చింది. అది దారుల్ని ఒక్కొక్కటిగా నడవదు. వేయి దారులకు వేయి పోగులు లాగి, నడుమ కూర్చుని అన్నిటినీ ఒకేసారి కదుపుతుంది. తప్పుదారుల వణుకులు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. సరైన దారి పోగు ఒక్కటే మోగుతుంది.

"నా గుహ దగ్గర ఈగలకు కొదవ ఉండదు" అని నక్క దానికి ఆశ చూపి, తీగలన్నీ ముందు పోసింది. అవి పాత తీగలే. కానీ బొరియలు మారలేదు.

నూరు జన్మల పని ఒక పూటలో అయిపోయింది.

జాజి నీళ్లు తాగి వచ్చేసరికి బొరియ తవ్వేసి ఉంది. అందులో కన్న నాలుగు పిల్లల్లో ఒక్కటీ లేదు. గోరింట పరుగున వచ్చింది. జాజి ఖాళీ గడ్డిని నాకుతోంది.

"ఇంకా వెచ్చగానే ఉంది అక్కా" అంది.

ముళ్లపంది కూడా వచ్చింది. "నా లెక్క తప్పలేదు" అని గొణిగింది.

"తప్పలేదు తాతా. ఆనాటి నక్కకు సరిపోయే లెక్క వేశావు. నీ ఒంటినిండా ముళ్లున్నాయి. మాకు ఉన్నది ఆ ఒక్క రహస్యమే" అంది గోరింట.

ఆ ఏడు కుందేళ్లన్నీ పాత బొరియలు వదిలేశాయి. కొత్త బొరియలో గోరింట కన్న పిల్లలు మూడూ బతికాయి. జాజి వాటికి పాలిచ్చింది. తన పిల్లల పేర్లు మాత్రం వాటికి పెట్టనివ్వలేదు.

నీతి: శత్రువుకు ఇవాళ చేతకాదన్న ధీమాతో రేపటి ప్రాణాల్ని కాపాడలేం. తాళం చేసినవాడి గర్వానికి మూల్యం చెల్లించేది బలహీనుల పిల్లలే.