ఎలుగు తాత గీసిన బొమ్మ

అనగనగా ఒక అడవిలో ఒక బొమ్మ పోయింది. బొమ్మంటే మీరు ఆడుకునే బొమ్మ కాదర్రా! గుడ్డను పాలలో, కరక్కాయ రసంలో నానబెట్టి, ఆరబెట్టి, దాని మీద ఎలుగు తాత గీసిన బొమ్మ. అడవిలోని జంతువులన్నీ అందులో ఉన్నాయి. తాత పోయాక దాన్ని గుహలో ఎత్తున వేలాడదీశారు. చూడొచ్చు గానీ ముట్టుకోకూడదు. అంత విలువైనది మరి.

ఒకరోజు పొద్దున్నే చూస్తే గోడ బోసిగా ఉంది.

"ఇంకెవరు? సింగన్నే!" అన్నారు అందరూ. సింగన్న అంటే నక్క. బొమ్మలో తనొక్కడే లేడని వాడు ఎప్పుడూ సణుగుతూ ఉండేవాడు.

"పొద్దుగుంకేలోగా బొమ్మ తెచ్చియ్యి. లేదా అడవి వదిలి పో!" అన్నాడు ఏనుగు దొర.

"నేను తియ్యలేదు దొరా!" అని సింగన్న ఏడ్చాడు. ఎవరూ వినిపించుకోలేదు.

దొంగల్ని పట్టడం ముంగిస గవరమ్మ పని. ఆమెకూ సింగన్న మీదే అనుమానం. అయినా వెతక్కుండా ఒక మాట అనేయడం ఆమెకు చేతకాదు.

ముందు నక్క బొరియలో దూరింది. ఎముకలున్నాయి, బొమ్మ లేదు. తర్వాత కోతుల గుబురంతా గాలించింది. అక్కడా లేదు. ఉసూరుమంటూ వాగు ఒడ్డున నడుస్తుంటే కరక్కాయ వాసన గుప్పుమంది. ఆ వాసన పట్టుకుని పోతే ఎలుగు అవ్వ ఇల్లు వచ్చింది. అవ్వ ఎవరనుకున్నారు? తాత పెళ్లామే! బొమ్మను ఒళ్లో పెట్టుకుని, దానికి ముక్కు ఆనించి కూర్చుంది.

గవరమ్మ గబగబా దగ్గరికి వెళ్లింది.

"అవ్వా, ఇదేం పని?"

"నాకు కళ్లు పోయాయి కదే తల్లీ. మీరంతా చూస్తారు. ముట్టుకుంటే గానీ నాకు ఆయన కనపడడు. అందుకే రాత్రి వాసన పట్టుకుని వెళ్లి, బండరాయెక్కి దించుకొచ్చాను."

గవరమ్మకు ఏడుపొచ్చింది. "ఇలా ఇవ్వు అవ్వా. చప్పుడు కాకుండా తగిలించేస్తాను. సింగన్నను వెళ్లగొట్టడం కూడా తప్పుతుంది."

"సింగన్ననా? అయ్యయ్యో! నువ్వలా చప్పుడు కాకుండా తగిలిస్తే, భయపడి వాడే తెచ్చి పెట్టాడంటారు. బతికినన్నాళ్లూ వాణ్ని దొంగ అంటారు. నా చెయ్యి పట్టుకో, పద!"

వాళ్లు వెళ్లేసరికి పొద్దుగుంకుతోంది. సింగన్న తల వంచుకుని బయల్దేరుతున్నాడు. అవ్వ అందరి ముందూ బొమ్మ పరిచింది.

"తీసింది నేను," అంది.

ఏనుగు దొర గొంతు తగ్గింది. "ఎందుకమ్మా?" అని అడిగాడు. అవ్వ చెప్పింది. అందరూ తలలు దించుకున్నారు.

"సింగన్నా, ఇలా రారా! నువ్వు ఇందులో లేవని ఎవరన్నారు?" అంటూ అవ్వ బొమ్మంతా తడిమి, ఒక మూల ఎండుగడ్డి దగ్గర వాసన చూసి ఆగింది. "ఇదిగో, దానిమ్మ తొక్కతో చేసిన పసుప్పచ్చ రంగు. గడ్డిదీ నీదీ ఒకటే రంగు. 'వీడు గడ్డిలో కూర్చుంటే కనపడతాడటే?' అని మీ తాత ఒకటే నవ్వు!"

సింగన్న వంగి చూశాడు. గడ్డిలో రెండు చెవులు, ఒక తోక!

"నేనున్నాను! అవ్వా, నేనూ ఉన్నాను!" అని వాడు వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఏనుగు దొర తన తొండంతోనే బొమ్మను అవ్వ చేతికందేంత కిందికి తగిలించాడు. గవరమ్మ సింగన్న పక్కకు చేరి, "నేనూ నిన్నే అనుమానించానురా, ఏమీ అనుకోకు," అంది.

నీతి: నిజం తెలియకుండా ఎవరి మీదా నింద వెయ్యకూడదు, తెలిశాక, కోప్పడే ముందు ఎందుకు చేశారో అడగాలి.