గడప మీద చెప్పని మాట

అనగనగా ఒక అడవిలో, కొండవాగు పక్కన ఎర్రమట్టి గట్టు ఒకటి ఉండేది. గట్టు నిండా బొరియలే. వాటిలో సూదయ్య అనే ముళ్లపంది బొరియ అన్నిటికన్నా పెద్దది. ముందు ఒక గది, మధ్యలో నడవ, వెనక ఒక చల్లటి గది. చూసినవాళ్లందరూ ఇల్లంటే ఇలా ఉండాలి అనేవారు.

కానీ ఆ వెనక గదికి ఒక జబ్బు ఉంది పిల్లలూ. ఎప్పుడో ఎండిపోయిన ఇప్పచెట్టు వేరు ఒకటి దాని గోడలో ఉండేది. వేరు పుచ్చిపోయి, ఆ చోట సన్నటి కన్నం మిగిలింది. ఆ కన్నం నేరుగా వాగు ఒడ్డుకు పోతుంది. పెద్ద వాన పడి వాగు పొంగితే గదిలోకి నీళ్లు వచ్చేవి. ఈ సంగతి సూదయ్యకీ, భార్య గరికమ్మకీ తప్ప మూడో ప్రాణికి తెలియదు.

ఆ ఏడు గరికమ్మ కొండ మీద కొత్త ఇల్లు కట్టుకుందామంది. అక్కడ దుంపలు బాగా దొరుకుతాయి. పాములూ బాగానే తిరుగుతాయి. అందుకే సూదయ్య పాత ఇల్లు ముంగిసకే అమ్మాలనుకున్నాడు. ఆ అడవిలో డబ్బుల్లేవు కదా, ధర అంటే పనే. ఇల్లు కొన్న ముంగిస రోజూ పగలు కొండ మీదికి వెళ్లి, సూదయ్య ముగ్గురు పిల్లల మీదికి పాములు రాకుండా కావలి కాయాలి.

మెరికమ్మ అనే ముంగిస ఇల్లు చూడటానికి వచ్చింది. నిండు చూలాలు. తనున్న బొరియను అడవిపందులు తొక్కి కూల్చేశాయి.

గట్టు మీద ఇల్లు చేతులు మారాలంటే ఒక పద్ధతి ఉంది. దాన్ని గడప మాట అంటారు. అమ్మేవాడు గడపలో నిలబడి, ముందు ఇంటి లోపాలూ, తర్వాత గుణాలూ గట్టిగా చెప్పాలి. గట్టు వాళ్లంతా వినాలి. పెద్దవాడైన ఉడుము తాత వినాలి. ఆయన ఒక మాట పట్టుకున్నాడంటే అది ఉడుంపట్టే. చెప్పిన లోపాన్ని మర్నాడే అందరూ కలిసి బాగుచేసి పెడతారు. పచ్చిమట్టి ఆరడానికి ఎనిమిది రోజులు ఆగి, అప్పుడు కొన్నవాళ్లు ఇంట్లో దిగుతారు. లోపమున్న ఇంటికి ధర ఒక వానాకాలం కావలి. లోపం లేని ఇంటికి రెండు.

సూదయ్యకు ఆ రెండో వానాకాలం మీద ఆశ పుట్టింది. పైగా, నా ఇంట్లోకి నీళ్లొస్తాయి అని నలుగురిలో చెప్పుకోవడం చిన్నతనమనిపించింది. కన్నంలో ఎండుటాకులు కుక్కాడు. పైన మట్టి మెత్తి, పాదంతో నున్నగా రుద్దాడు.

కళ్లను మోసం చేయొచ్చు గానీ ముంగిస ముక్కును చేయగలమా? మెరికమ్మ వెనక గదిలో అడుగుపెట్టగానే గోడ వాసన చూసింది.

"అన్నా, ఇక్కడ చెమ్మ వాసన వస్తోందేమిటి?" అని అడిగింది.

సూదయ్య తడబడ్డాడు. తర్వాత ఆమెను బయట కలేపొద చాటుకు తీసుకెళ్లి గొంతు తగ్గించాడు.

"చెల్లెమ్మా, నీ దగ్గర దాపరికమెందుకు? చిన్న కన్నం ఉంది. గడప మీద చెప్పాననుకో, ఎనిమిది రోజులు నువ్వు బయటే ఉండాలి. ఈ స్థితిలో ఉండగలవా? చెప్పకపోతే రేపే దిగిపోవచ్చు. వానలు మొదలవగానే నేనే వచ్చి పూడ్చి పెడతాను. అంతదాకా వస్తే నీ పిల్లలకు నా ఇల్లు లేదూ? ఇది మన ఇద్దరి మధ్యే ఉండనీ."

మెరికమ్మ తన పొట్ట వంక చూసుకుంది. ఎనిమిది రోజులంటే ఆమెకు భయం వేసింది.

"సరే అన్నా. నీ మాట నమ్ముతున్నాను," అంది.

మర్నాడు గట్టు వాళ్లంతా చేరారు. సూదయ్య గడపలో నిలబడ్డాడు.

"ఇంట్లో లోపమేమైనా ఉందా?" అని ఉడుము తాత అడిగాడు.

"లేదు తాతా."

"బాగా ఆలోచించుకుని చెప్పు. ఉందా?"

"లేదు తాతా."

"ఆఖరుసారి అడుగుతున్నాను. గోడకు గానీ, నేలకు గానీ, కప్పుకు గానీ ఏమైనా ఉందా?"

సూదయ్య మెరికమ్మ వైపు చూశాడు. మెరికమ్మ నేల వైపు చూసింది.

"ఏమీ లేదు," అన్నాడు సూదయ్య.

"అయితే రెండు వానాకాలాలు కావలి కాస్తాను," అని మెరికమ్మ అందరూ వినేలా చెప్పింది.

ఆ వారమే ఆమెకు ముగ్గురు పిల్లలు పుట్టారు. ఆఖరివాణ్ణి బుడ్డోడు అని పిలుచుకునేది. ముందు గదిలో ఉంచితే నక్క వాసన పట్టి వస్తుందని, పిల్లల్ని వెనక గదిలో పడుకోబెట్టేది.

తొలకరి పడింది. మెరికమ్మ తెల్లారగానే కొండ ఎక్కి, సాయంత్రం దాకా సూదయ్య గుమ్మం ముందు కావలి కాసేది. ఒకరోజు అడిగింది. "అన్నా, గోడ చెమర్చింది. ఒకసారి వస్తావా?"

"రేపొస్తాను చెల్లెమ్మా," అన్నాడు సూదయ్య. ఆ రేపు రాలేదు.

పది రోజులకు మళ్లీ అడిగింది. ఆమె కాళ్లకు బురద ఉంది. "అన్నా, మట్టి పెచ్చులు ఊడుతున్నాయి. నేను పూడుద్దామంటే పొద్దంతా ఇక్కడే గడిచిపోతోంది."

"దుంపలు తవ్వుకునే రోజులు కదా. అవి కానీ, వస్తాను," అన్నాడు.

మూడోసారి అడిగిన రోజు పొద్దున్నే ఆకాశం నల్లగా ఉంది.

"అన్నా, ఈ ఒక్కరోజు నా పిల్లల్ని నీ ఇంట్లో ఉంచుకో. లేదా నన్ను ఇంటికి పోనీ. నువ్వు మాటిచ్చావు కదా," అంది మెరికమ్మ.

లోపల గరికమ్మ పుట్టింటివాళ్లు ఉన్నారు. ఇల్లు ఇరుకుగా ఉంది. పైగా ముందు రోజే గుమ్మం దగ్గర నాగుపాము కుబుసం కనిపించింది. సూదయ్యకు విసుగొచ్చింది.

"నేను మాటిచ్చానా? ఎవరు విన్నారు చెల్లెమ్మా? గడప మీద నువ్వు చెప్పింది మాత్రం గట్టంతా విన్నది," అన్నాడు.

మెరికమ్మ ఎవరి దగ్గరికి వెళ్లి చెప్పుకుంటుంది? తాత మూడుసార్లు అడిగినప్పుడు తానూ నోరు మెదపలేదు. వెళ్లి గుమ్మం ముందు కూర్చుంది.

మధ్యాహ్నానికి కుండపోత మొదలైంది. వాగు హోరు కొండ మీదికి వినిపించింది. మెరికమ్మ ఇక ఆగలేదు. ఆమె వెనకే సూదయ్య కూడా పరుగెత్తాడు. అప్పుడు పరుగెత్తాడు పిల్లలూ, పొద్దున పరుగెత్తాల్సినవాడు.

వెనక గోడ కూలిపోయి ఉంది. గదినిండా బురదనీళ్లు. పెద్ద పిల్లలిద్దరూ నడవలోకి పాకి వణుకుతున్నారు. బుడ్డోడు లేడు. గట్టు వాళ్లంతా వాగు వెంట వెతికారు. దొరకలేదు.

మర్నాడు వాన తెరిపిచ్చింది. సూదయ్య తనంతట తానే ఆ గడపలో నిలబడ్డాడు.

"వెనక గదికి కన్నం ఉంది. నాకు ముందే తెలుసు. దాచి అమ్మాను. చాటున మాటిచ్చాను, అదీ తప్పాను," అని గట్టిగా చెప్పాడు.

ఉడుము తాత కోప్పడలేదు. పద్ధతి ప్రకారం అందరినీ పనిలోకి రమ్మన్నాడు. కుందేళ్లు మట్టి తవ్వాయి. అడవికోళ్లు గులకరాళ్లు తెచ్చాయి. తాత కన్నంలో రాళ్లు దట్టించాడు. ఎండ నడినెత్తికి రాకముందే గోడ లేచింది.

"ఓస్, ఇంతేనా పని?" అంది ఒక కుందేలు చేతులు దులుపుకుంటూ.

ఆ మాట సూదయ్య గుండెలో దిగబడింది. ఒక్క పూట పని. గడప మీద ఒక్క మాట చెప్పి ఉంటే అయిపోయే పని. తన ఒంటి మీది ముళ్లన్నీ లోపలికి తిరిగినట్టనిపించింది.

మెరికమ్మ ఇద్దరు పిల్లల్నీ పొదువుకుని దూరంగా కూర్చుని ఉంది. సూదయ్య ఆమె ముందు తల వంచాడు.

"చెల్లెమ్మా, నన్ను తిట్టు," అన్నాడు.

"తిట్టి ఏం చేయను? చాటు మాటకు నేనూ తలూపాను," అంది మెరికమ్మ.

"ఇక కావలికి రావద్దు. నువ్వు నాకేమీ బాకీ లేవు."



మర్నాడు తెల్లవారి సూదయ్య బయటికి వచ్చేసరికి ఆమె గుమ్మం ముందు కూర్చుని ఉంది. పక్కన ఇద్దరు పిల్లలున్నారు.

"ఎందుకొచ్చావమ్మా?" అని అడిగాడు సూదయ్య.

"నలుగురి ముందు చెప్పాను కదా అన్నా. నీ పిల్లలైనా బాగుండనీ," అంది. కళ్లు మాత్రం గడ్డిలోనే ఉన్నాయి, పాము జాడ కోసం.

ఆ ఏడూ, మరుసటి ఏడూ ఆమె ఒక్కరోజు కూడా మానలేదు. సూదయ్య పిల్లలకు ఏ హానీ జరగలేదు. వాళ్లు ముగ్గురూ ఆమె పిల్లలిద్దరితో ఆడుకునేవారు. సూదయ్య మాత్రం గుమ్మంలో ఆమెకు ఎదురుపడలేక, తన ఇంటికి వెనకనుంచి ఒక దారి తవ్వుకున్నాడు. ఉన్నన్నాళ్లూ ఆ దారినే వచ్చాడు, ఆ దారినే పోయాడు.

నీతి: అమ్మే వస్తువులో లోపముంటే నలుగురిలో చెప్పండి, నలుగురిలో చెప్పలేని ఒప్పందం చాటున కూడా చేసుకోకండి.